మంజీర నీళ్లు... మొగ దాటే వేళ

ఎల్లారెడ్డి పక్క నుంచి వెళ్లే నీళ్లు సముద్రంలో కలిసేది కోనసీమ చివర, అంతర్వేదిలో. అక్కడ నదికీ కడలికీ రోజూ జరిగే పెనుగులాట ఎప్పుడు నెమ్మదిస్తుందో, ఎప్పుడు చెలరేగుతుందో తెలిసినవాడే పడవ దాటించగలడు.

వానాకాలం ముదిరిందంటే ఎల్లారెడ్డిలో ఎవరికి ఎవరు ఎదురైనా అడిగే మాట ఒకటే... ‘నిజాంసాగర్ల నీళ్లెంతకొచ్చినయే?’ నాలుగు రోజులు ముసురు పడితే ఆ ప్రశ్న మారుతుంది. ‘గేట్లు లేపిన్రా అన్నా?’ లేపారని తెలిస్తే పిల్లాపాపలతో బండ్లెక్కి చూడ్డానికి బయల్దేరతారు. తెల్లగా నురగలు కక్కుతూ దూకే నీటిని చూసి, మక్క కంకులు తిని ఇంటికొస్తారు. గేటు దాటిన నీళ్లు ఆ తర్వాత ఎటు పోయాయన్నది ఎవరికీ పట్టని సంగతి.

పట్టేవాళ్లు వేరే చోట ఉన్నారు. సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దిగువన, వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోట, అంతర్వేది పల్లిపాలెం జాలర్ల మధ్య తెల్లవారుజామున నడిచే మాట ఇంకోలా ఉంటుంది.

‘మొగ ఎలా ఉందిరా?’

‘గట్టిగా విరుగుతోంది బాబాయ్. పోటు ఎక్కేదాకా ఆగు.’

మొగ అంటే నది నోరు. నది సముద్రంలోకి దిగే దారి. విరుగుతోంది అంటే అల అక్కడ లేచి, వంగి, బద్దలవుతోందని. పోటు అంటే సముద్రం ఎక్కడం, పాటు అంటే దిగడం. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, అంతర్వేది బతుకు సగం అర్థమవుతుంది. మిగతా సగం అర్థం కావాలంటే నీళ్ల వెంట ఎల్లారెడ్డి నుంచి నడుచుకుంటూ రావాలి.

మనసు మార్చుకున్న నది

మంజీర కాస్త చిత్రమైన నది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, గోదావరితో తనకేం పని అన్నట్టు ఆగ్నేయానికి పారుతుంది. బీదర్ దాటి సంగారెడ్డి, మెదక్ ప్రాంతాలకు వచ్చాక ఒక్కసారిగా ఉత్తరానికి తిరుగుతుంది. ఏడుపాయల దగ్గర వనదుర్గమ్మ గుడి చుట్టూ పాయలుగా చీలి మళ్లీ ఒక్కటై, నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు వచ్చి నిజాంసాగర్‌లో ఒదిగిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచి గోదావరిని చేరేదాకా 724 కిలోమీటర్ల నడక.

నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో పూర్తయ్యాయి. హైదరాబాద్ సంస్థానపు చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చలువ అది. దానికన్నా ముందే 1922 నాటికి మంజీర ఉపనది మీద పోచారం ఆనకట్ట కట్టేశారు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల రైతులకు ఇవాళ్టికీ అన్నం పెడుతున్న చెరువు అది. ఈ రెండింటి వల్ల ఇక్కడివాళ్లకు నీటి లెక్క చిన్నప్పటి నుంచీ వస్తుంది. క్యూసెక్కు అంటే ఏమిటో పదో తరగతి పిల్లాణ్ని అడిగినా చెబుతాడు.

ఆ లెక్క 2025 ఆగస్టు ఆఖరి వారంలో తప్పింది. 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద మేఘం కూలినట్టే అయింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన. ఏడాదిలో కురవాల్సిన దాంట్లో దగ్గర దగ్గర సగం! రోడ్లు తెగాయి, రైళ్లు ఆగాయి. డెబ్బై వేల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టిన పోచారానికి లక్షన్నర క్యూసెక్కులకు మించి వచ్చిపడింది. కట్ట మీదుగా నీళ్లు పొంగాయి, పక్కన మట్టి కోసుకుపోయింది. కింది ఊళ్లవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. 103 ఏళ్ల ఆ రాతికట్టు మాత్రం కదల్లేదు.

ఆ నీళ్లన్నీ మంజీరలోకి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలోకి. అక్కణ్నుంచి శ్రీరాంసాగర్. ఆపైన గోదావరికి ఇక తిరుగులేదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఇంకాస్త కిందికి పోతే ఇంద్రావతి, భద్రాచలం దాటాక శబరి వచ్చి చేరతాయి. నిజం చెప్పాలంటే ఇంతమంది చేరాక మంజీర వాటా ఎంతన్నది విడదీయడం కష్టం. గోదావరి పెద్ద వరదలన్నీ ఎక్కువగా ప్రాణహిత, ఇంద్రావతి తెచ్చిపెట్టేవే. అయినా ఎల్లారెడ్డి చినుకు కూడా ఆ ఎర్రనీటిలో ఉంటుంది. పాపికొండలు దాటి, రాజమండ్రి వంతెనల కింద నుంచి ధవళేశ్వరం చేరుతుంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన చోట ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. అక్కడ నీళ్లు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దిగిపోయింది ఇక్కణ్నుంచే. 2022 జులైలో మళ్లీ పాతిక లక్షలు దాటింది.

ధవళేశ్వరం కింద గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ మళ్లీ వైనతేయను పక్కకు పంపి, తాను కోనసీమ పడమటి అంచున దిగుతుంది. ఎడమ గట్టున సఖినేటిపల్లి, కుడి గట్టున నరసాపురం. (హైదరాబాద్ నుంచి ఎల్లారెడ్డి వచ్చే దారిలో మెదక్‌కు ముందు తగిలే నర్సాపూర్ కాదిది. ఆ నర్సాపూర్‌కు అడవి, ఈ నరసాపురానికి కడలి.) 17వ శతాబ్దంలో డచ్చివాళ్లూ ఇంగ్లిషువాళ్లూ వచ్చి ఇక్కడ ఓడలు కట్టించుకున్నారు. పక్కనే ఉన్న మాధవాయిపాలెం పేరు ఆనాటి దొరల ఉత్తరాల్లో మడపొల్లం అని కనిపిస్తుంది. ఆ వడ్రంగుల చేతిలో తయారైన ప్రతి ఓడా దాటాల్సింది ఈ మొగనే.

అల ఎందుకు విరుగుతుంది?

అంతర్వేది గుడి దగ్గర్నుంచి సముద్రం వైపు వెళ్తే నదీ కడలీ కలిసే చోటును ‘అన్నాచెల్లెళ్ల గట్టు’ అంటారు. ఒక పక్క మట్టిరంగు నీళ్లు, ఇంకో పక్క ఆకుపచ్చటి ఉప్పునీళ్లు. వాటి మధ్య నురగ గీత. పేరు వింటే అన్నాచెల్లెళ్ల అనురాగం గుర్తొస్తుంది కానీ, ఇద్దరూ మాత్రం ఎప్పుడూ తోసుకుంటూనే కనిపిస్తారు.

ఆ తోపులాటలో పుట్టేదే ఇసుక మేట. నది ఎన్నో వందల కిలోమీటర్లు మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ముఖం చూడగానే వదిలేస్తుంది. విశాలమైన నీళ్లలోకి వచ్చాక దాని వేగం చచ్చిపోతుంది కదా, చేతిలో బరువు జారిపోతుంది. ఆ ఇసుకను అలలు మళ్లీ ఒడ్డువైపు నెట్టుకొస్తాయి. రెండూ కలిసి మొగకు అడ్డంగా నీళ్లలో మునిగిన ఒక గుమ్మం కడతాయి. బయట లోతు, లోపల లోతు, మధ్యలో మాత్రం నడుముకో మెడకో వచ్చేంత నీరు.

లోతు నీళ్లలో హాయిగా ఊగుతూ వచ్చిన అల ఆ గుమ్మం మీదికి రాగానే దాని కాళ్లు తట్టుకున్నట్టవుతుంది. అడుగు భాగం నెమ్మదిస్తుంది, పై భాగం ముందుకు తూలుతుంది. ఒకటిన్నర మీటర్ల అల అయితే సుమారు రెండు మీటర్ల లోతులోకి రాగానే పడిపోవాల్సిందే. అందుకే బయట సముద్రం అద్దంలా ఉన్న రోజున కూడా మొగలో తెల్లటి కెరటాలు లేస్తుంటాయి.

దీనికి పాటు తోడైతే చూడాలి! సముద్రం దిగుతున్నప్పుడు ఉప్పుటేరుల్లో, నదిలో నిండిన నీళ్లన్నీ ఒక్కసారిగా మొగలోంచి బయటికి పరుగెడతాయి. లోపలికి వచ్చే అలకు అవి ఎదురు. ఎదురు ప్రవాహంలో అల పొట్టిగా నొక్కుకుపోయి నిటారుగా లేస్తుంది, గోడ లేచినట్టు. అదే సమయానికి మేట మీద లోతు కూడా తగ్గిపోతుంటుంది. అంటే అల పెరుగుతుంది, నీరు తరుగుతుంది. లోపలికి వస్తున్న పడవ వెనక భాగాన్ని అలాంటి అల ఎత్తిందంటే ముక్కు ఇసుకలో గుచ్చుకుని పడవ అడ్డం తిరుగుతుంది. నడిసముద్రంలో రెండు రాత్రులు గడిపి క్షేమంగా వచ్చిన బోటు, ఇంటి దీపాలు కనిపించే దూరంలో బోల్తాపడేది ఇలాగే. వలలు, ఇంజను, పట్టిన చేపలు, కొన్నిసార్లు మనుషులు... అప్పు చేసి కొన్నవీ, అప్పు చేసినా తిరిగిరానివీ.

కాబట్టి మొగ దాటడానికి జాలరి చూసేది గడియారం కాదు, చంద్రుణ్ని. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి పోటు రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నములకు పోటు బాగా ఎక్కి పాటు బాగా దిగుతుంది. ఈ తీరంలో అప్పుడు తేడా ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి, నవమి రోజుల్లో ఆ ఊపు ఉండదు. మేట మీద నీరు నిండుగా ఉండి, ప్రవాహం రెండువైపులా ఆగినట్టుండే పోటు చివరి ఘడియలే దాటడానికి అనువైనవి. దానికి తోడు గాలి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రంలోకి వీచే గాలికి అలలు అణిగి ఉంటాయి. పొద్దెక్కి ఇసుక కాలాక గాలి తిరగబడుతుంది. మధ్యాహ్నానికి నీళ్లంతా చిన్న చిన్న తెల్ల టోపీలు పెట్టుకున్నట్టు చిందరవందరగా ఉంటుంది. పోటు, తెల్లవారుజాము ఒక్కచోట కలిసిన రోజు జాలరికి పండగ.

రెండు వారాల ప్రయాణాలు కాదు, ఒకే వారం

మొగలో విరిగే అలలు రెండు జాతులు. ఒకటి దగ్గర్లో వీచే గాలికి పుట్టింది. అయిదారు సెకన్లకోటి వస్తుంది, గొడవ ఎక్కువ, సత్తువ తక్కువ. రెండోది దూరపు అల. ఒకటి వచ్చి పధ్నాలుగు పదిహేను సెకన్లు గడిస్తే గానీ ఇంకోటి రాదు. బయట లోతులో అది అసలు కంటికి కనిపించదు. మేట మీదికొచ్చాకే దాని బలం తెలుస్తుంది. ఒడ్డున నిలబడ్డ ఎవరైనా ఈ తేడా పట్టుకోవచ్చు. అల విరిగిన దగ్గర్నుంచి తర్వాతిది విరిగేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటే సరి. పది దాటిందంటే అది స్థానికుడు కాదు, ఎక్కడో దూరం నుంచి వచ్చిన చుట్టం.

ఎంత దూరం నుంచి? అంటార్కిటికాకు ఈవల, దక్షిణ మహాసముద్రంలో ఏడాది పొడుగునా పెద్ద తుపాన్లు తిరుగుతుంటాయి. వాటి గాలికి లేచిన అలలు అక్కడితో ఆగవు. హిందూ మహాసముద్రాన్ని నిలువునా దాటి బంగాళాఖాతంలోకి వచ్చేస్తాయి. పదిహేను సెకన్ల అలల గుంపు గంటకు సుమారు నలభై కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఏడు వేల కిలోమీటర్లు రావడానికి దానికి పట్టేది దాదాపు వారం.

ఇప్పుడు రెండో లెక్క. మధ్యలో జలాశయాలు ఆపకుండా, వరద సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున నడిస్తే నిజాంసాగర్ నుంచి అంతర్వేదికి ఎన్నాళ్లు? ఆరు రోజులు... అంటే అదీ దాదాపు వారమే. ఎల్లారెడ్డి పక్కన గేటు లేపిన రోజే భూగోళం అడుగున ఎక్కడో ఒక తుపాను రేగిందనుకోండి. ఇటు నుంచి ఎర్రనీరు, అటు నుంచి నీలి అల బయల్దేరి, ఒకదాని ఊసు ఒకదానికి తెలియకుండా ఒకే మేట మీద ఢీకొంటాయి. ఆ ఉదయం అక్కడ ఓ పడవ ఉండొచ్చు.

వరద పెద్దదైతే పోటుకు కూడా దాన్ని ఆపే శక్తి ఉండదు. పగలూ రాత్రీ నది బయటికే పారుతుంది. అంటే రోజంతా పాటే! జాలర్లు గోదావరి తగ్గేదాకా పడవలు కదపకపోవడానికి కారణం అదే.

కడలి లేని చోట కడలి లెక్క

దూరపు అల వారం ముందే బయల్దేరుతుంది కాబట్టి, అది వస్తోందని ముందే చెప్పవచ్చు. ఆ పని చేసే చోటు ఏ తీరంలోనూ లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. అంతర్వేది కన్నా ఎల్లారెడ్డికే ఎంతో దగ్గర! భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అన్న పొడుగు పేరును అందరూ ఇన్‌కాయిస్ అని పిలుస్తారు. 1999లో మొదలైంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే బాధ్యత కూడా దానిదే.

చేపలు ఎక్కడ దొరకొచ్చో చెప్పే సమాచారం, అలల ఎత్తు, అలకీ అలకీ మధ్య వ్యవధి, గాలి, ప్రవాహాల అంచనాలు రోజూ ఇక్కణ్నుంచి వెళ్తాయి. మొదట్లో రేవుల్లో పెట్టిన బోర్డుల మీద, రేడియోలో వచ్చేవి. ఇప్పుడు ఫోన్లలోకే వచ్చేస్తున్నాయి. వాన లేకుండా, గాలి లేకుండా హఠాత్తుగా ఒడ్డెక్కే దూరపు అలలను మలయాళీలు ‘కల్లక్కడల్’ అంటారు. దొంగ సముద్రం అని అర్థం. ఆ మాటే ఇప్పుడు అధికారిక హెచ్చరికల్లోకి కూడా వచ్చేసింది. దొంగ వచ్చే రోజు ముందే తెలిస్తే తలుపు వేసుకోవచ్చు కదా.

అయితే ఒక చిక్కుంది. అలల సంగతి ఇన్‌కాయిస్ చెబుతుంది. తుపాను సంగతి విశాఖపట్నంలోని వాతావరణ శాఖ కేంద్రం చెబుతుంది. వరద సంగతి కేంద్ర జలసంఘం, ధవళేశ్వరం ఇంజినీర్లు చెబుతారు. ఎవరి లెక్క వారికి కచ్చితమే. మేట ఇవాళ ఎక్కడుందన్నది మాత్రం ఈ లెక్కలేవీ చెప్పవు. మొన్నటి వరదకు దారి తూర్పుకు జరిగి ఉండొచ్చు, నిన్నటి గాలికి సగం పూడి ఉండొచ్చు. అందుకే అన్నీ ఫోన్లో చూసుకున్నాక కూడా సరంగు మొగ ముందు ఇంజను తగ్గించి ఆగుతాడు. వరసగా వచ్చే పెద్ద అలలు ఎన్ని, ఆ తర్వాత దొరికే ఊరట ఎంతసేపు అని లెక్కపెట్టుకుంటాడు. ఊరట మొదలైందని తోచగానే ఒక్క ఊపున దూరిపోతాడు. ఆ కాసేపు బోటులో ఎవరూ మాట్లాడరు.

పులస దారి, తుపాను దారి

జూన్ 14తో రెండు నెలల చేపల వేట నిషేధం ముగిశాక బోట్లు మొగ దాటడం మొదలెడతాయి. అప్పటికి నైరుతి గాలి జోరందుకుని ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగుతుంది. మనుషులు భయపడే ఆ ఎర్రనీటి కోసమే ఎదురుచూసే జీవి ఒకటుంది. సముద్రంలో ఇలసగా తిరిగే చేప, కొత్తనీటి వాసన పట్టి మొగలోకి దూరి, ప్రవాహానికి ఎదురీది పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టింది ఈ గట్ల మీదే. ఉప్పునీటి కొవ్వు కరిగి మంచినీటి రుచి పట్టాలంటే అది ధవళేశ్వరం దాకా ఈదాలి. కొత్తనీరు సరిగా దిగని ఏడాది పులసలు పలచబడతాయి, వేలంలో ఒక్కో చేప ధర విన్నవాళ్లకు నోరు తెరుచుకుంటుంది. ఆ లెక్కన ఎగువన వానలు బాగా పడిన ఏడాది గోదావరి జిల్లాల అల్లుళ్లకు కూడా మంచి ఏడాదే.

సెప్టెంబరు దాటాక వరద తగ్గుతుంది. అక్టోబరు, నవంబరుల్లో కళ్లు తూర్పుకు తిప్పాలి. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమ ఇంకా మరిచిపోలేదు. చిన్నదే అనుకున్న తుపాను కొబ్బరితోటల్ని నేలకేసి కొట్టి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్లలో సముద్రంలోకి వెళ్లి ఆచూకీ లేకుండా పోయిన జాలర్లు ఎందరో. ఆ రోజుల్లో వాళ్ల చేతుల్లో ఫోన్లు లేవు. 2025 అక్టోబరు 28 రాత్రి ‘మొంథా’ తుపాను సరిగ్గా నరసాపురం దగ్గరే తీరం దాటింది. రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి, బోట్లు ఒడ్డెక్కాయి, తీరపు పల్లెలను ఖాళీ చేయించారు. పంట పోయింది, చెట్లు పోయాయి, కరెంటు పోయింది. 1996 మాత్రం మళ్లీ రాలేదు. కామారెడ్డిని ఆగస్టులో ముంచిన సంవత్సరమే, రెండు నెలల తేడాతో అదే నది చివరను గాలి ఊపేసిందన్నమాట.

జనవరి నుంచి మార్చి మధ్యదాకా మొగ మెత్తబడుతుంది. ఉదయాలు చల్లగా, అలలు చిన్నగా ఉంటాయి. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం జరిగేది కూడా ఈ రోజుల్లోనే. లక్షల జనం వచ్చి సాగర సంగమంలో మునుగుతారు. పెద్దలు ఆ తిథి ఎందుకు ఎంచారో గానీ, కొత్తవాళ్లు ఈ నీళ్ల దగ్గరికి రావడానికి ఏడాదిలో అంతకన్నా నెమ్మదైన కాలం లేదు.

గుమ్మం అరిగిపోతోంది

మేట లేకపోతే మంచిదే కదా, పడవలు హాయిగా పోతాయి అనిపించవచ్చు. కానీ ఆ ఇసుకే డెల్టాకు అండ. మొగ దగ్గర అలను విరిచి దాని కోపం తగ్గించేది మేటే. ఆ ఇసుక తగ్గితే అల నేరుగా నేలను తింటుంది.

తింటోంది కూడా. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సగటున 14.5 కోట్ల టన్నుల మట్టిని కిందికి తెచ్చేది. 1990లకు వచ్చేసరికి అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలిందంతా ఏమైంది? పైన ఆగింది. నిజాంసాగర్‌నే చూడండి. కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా పట్టిన చెరువు ఇప్పుడు పట్టేది 17.8. ఆ తేడాలో ఉన్నది మంజీర తెచ్చిన మట్టే. ఎల్లారెడ్డి రైతు తన చెరువు పూడిపోతోందని బాధపడతాడు, అంతర్వేది జాలరి తన ఒడ్డు కోసుకుపోతోందని బాధపడతాడు. ఇద్దరి బాధలోనూ ఉన్నది ఒకే నది తెచ్చిన మన్ను. ఒకరి దగ్గర ఎక్కువై, ఒకరి దగ్గర తక్కువై... ఆనకట్టలు వద్దనలేం, అవి లేకపోతే ఎల్లారెడ్డిలో వరి లేదు. కానీ పూడిక తీత గురించి మాట్లాడినప్పుడల్లా టీఎంసీల గురించే మాట్లాడతారు తప్ప, ఆ మట్టికి దిగువన ఎదురుచూసే తీరం ఒకటుందని ఎవరూ గుర్తుచేయరు.

మొగ ఇసుకను కదిపితే ఏమవుతుందో స్పెయిన్‌లో ముండాకా అనే చిన్న ఊరు చూసింది. అక్కడ ఒక నది మొగలో విరిగే అల ప్రపంచంలోని సర్ఫింగ్ ఆటగాళ్లందరికీ తీర్థం లాంటిది. పై భాగంలో ఇసుక తవ్వాక, 2005లో ఆ అల కనిపించకుండా పోయింది. అంతర్జాతీయ పోటీ రద్దయింది. ఇసుక మళ్లీ పేరుకున్నాక గానీ అల తిరిగిరాలేదు. వాళ్లకు పోయింది ఒక ఆట, కొన్నాళ్ల వ్యాపారం. మన దగ్గర అలల మీద ఆడాలనుకునే కుర్రాళ్లకు విశాఖలో రుషికొండ ఉంది. అంతర్వేది మొగ ఆటలకు కాదు. పక్కకు లాగే ప్రవాహం, కంటికి కనిపించని మేటలు ఉన్న చోట ఈత వచ్చినవాడు కూడా నిలవలేడు.

వెళ్లాలనుకుంటే...

ఎల్లారెడ్డి నుంచి వెళ్లేవాళ్లు సికింద్రాబాద్ చేరితే నరసాపురానికి నేరుగా రైళ్లున్నాయి. స్టేషన్ నుంచి ఆటోలో రేవుకు వెళ్లి పంటు ఎక్కితే మనుషులతోపాటు మోటారు సైకిళ్లూ కార్లూ కూడా గోదావరి దాటి సఖినేటిపల్లి చేరతాయి. అక్కణ్నుంచి అంతర్వేదికి ఆటోలు, బస్సులు. రాజమండ్రి మీదుగా వచ్చేవాళ్లకు రావులపాలెం, రాజోలు దారి ఉంది.

జులై, సెప్టెంబరు మధ్య వెళ్తే ఎర్రనీరు, ఉప్పునీరు కలిసే గీత బాగా కనిపిస్తుంది. కానీ గోదావరి పొంగితే పంటు ఆపేస్తారు. బయల్దేరే ముందు ధవళేశ్వరంలో ఏ హెచ్చరిక ఉందో పేపర్లో చూసుకోవాలి. పిల్లలతో అయితే జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. తీర్థం రోజుల్లో మాత్రం తొక్కిడి ఎక్కువ. అన్నాచెల్లెళ్ల గట్టు కొసన నీళ్లలోకి దిగకూడదు, ముఖ్యంగా పాటు సమయంలో. కాళ్ల కింద ఇసుక జారడం మొదలయ్యాక వెనక్కి రావడం అనుకున్నంత తేలిక కాదు. పోటు ఎప్పుడో ఒడ్డున వలలు బాగుచేసుకునే ఎవర్ని అడిగినా చెబుతారు. తిరుగు పంటు ఆఖరిది ఎన్ని గంటలకో కూడా సఖినేటిపల్లి రేవులోనే అడిగి పెట్టుకుంటే, పొద్దుగూకేదాకా గట్టు మీద కూర్చోవచ్చా లేదా అన్నది తేలిపోతుంది.